కుంగిన స్లాబు మీద కాంక్రీటు పోయించకండి

నా లెక్కలన్నీ మీరు రాసిన వివరాల మీదే ఆధారపడతాయి కాబట్టి ముందు వాటిని క్లుప్తంగా మళ్లీ చెప్తాను. హైదరాబాదు మల్కాజిగిరిలో 1989లో కట్టిన ఇల్లు. హాలు 14 అడుగులు ఇంటూ 18 అడుగులు, నాలుగున్నర అంగుళాల ఆర్‌సీసీ స్లాబు, చుట్టూ 9 అంగుళాల ఇటుక గోడలు. లీకేజీ ఆపడానికి మధ్యలో ఒకసారి డాబా మీద 4 అంగుళాల ఇటుక ముక్కల గచ్చు వేయించారు. 1000 లీటర్ల ట్యాంకు దిమ్మె కట్టి పెట్టారు. పక్కన అమ్మగారి కుండీలు. ఇప్పుడు హాలు సీలింగు మధ్యలో ఇంచున్నర దిగింది, ఫ్యాను కొక్కెం దగ్గర పెచ్చు ఊడి పడింది, ఈమధ్య వాన పడితే డాబా మధ్యలో రెండు రోజులు నీళ్లు నిలుస్తున్నాయి. కాంట్రాక్టరు వచ్చి చూసి, "పైన మూడంగుళాలు కాంక్రీటు పోసి లెవెల్ చేద్దాం, కింద ప్లాస్టరు కొట్టేద్దాం" అన్నాడు. అమ్మానాన్న ఆ హాల్లోనే పడుకుంటున్నారు.

ఆ కాంక్రీటు పోయించకండి. మిగతాది చదవడానికి తీరిక లేకపోయినా ఈ ఒక్క మాట వినండి.

మీ హాలు మీద 3 అంగుళాల కాంక్రీటు పోస్తే అది 4 టన్నులు దాటుతుంది. మనుషులు ఎక్కి తిరిగే డాబాకి మన కోడు, అంటే కట్టడాలకి దేశమంతా పాటించే ప్రమాణాలు, చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు లెక్కలోకి తీసుకోమంటుంది. మీ హాలు మొత్తానికి అది మూడున్నర టన్నులు. అంటే పెళ్లికి వచ్చిన జనమంతా డాబా మీద నిలబడితే ఎంత బరువో అంతకంటే ఎక్కువ బరువును ఈయన శాశ్వతంగా అక్కడ పెట్టి వెళ్తానంటున్నాడు. అదీ మధ్యలో గుంట ఉన్నచోట మందం ఎక్కువ పడుతుంది. స్లాబుకి నొప్పి ఎక్కడుందో సరిగ్గా అక్కడే బస్తా ఎత్తినట్టు. పోనీ ఆ కొత్త పొర పాత స్లాబుకి బలమిస్తుందా అంటే, మధ్యలో గచ్చు ఉంది కాబట్టి రెండూ అతుక్కోవు. స్లాబు మధ్యలో లాగుడును మోసేది అడుగున ఉన్న చువ్వలు. వాటికి తుప్పు పట్టి ఉంటే పైన ఎంత పోసినా వాటికి దక్కేది బరువే. కింద ప్లాస్టరు కొట్టడమంటే మసిపూసి మారేడుకాయ చేయడమే. ఏడాది తిరక్కుండా ఆ ప్లాస్టరుతో పాటు కవరింగు, అంటే చువ్వల్ని కింద కప్పి ఉంచే కాంక్రీటు పొర, కూడా ఊడుతుంది.

ఇక వెంటనే చేయాల్సిన పని. అమ్మానాన్నల మంచం ఈరోజే హాల్లోంచి పక్క గదిలోకి మార్చండి. ట్యాంకు ఖాళీ చేయించండి. నిండు ట్యాంకు దిమ్మెతో కలిపి 1 టన్ను పైమాటే, అది చదరపు మీటరు చోటులో కూర్చుని ఉంది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ట్యాంకు లేకపోతే ఇల్లు నడవదని నాకూ తెలుసు. దాన్ని స్లాబు మధ్య నుంచి తీసి, రెండు గోడలు కలిసే మూల మీద, గోడల నుంచి గోడలకి వేసిన చిన్న ఇనుప గడ్డర్ల మీద పెట్టించండి. బరువు గోడల్లోకి దిగాలి, స్లాబులోకి కాదు. కుండీలను కూడా మధ్య నుంచి తీసి గోడల వెంబడి పిట్టగోడ పక్కకి చేర్చండి. మిద్దెతోట మీద నాకు వ్యతిరేకత లేదు, మా ఇంట్లోనూ ఉంది. కానీ ఒక అడుగు లోతు తడి మట్టి చదరపు మీటరుకు 500 కిలోలు దాటుతుంది. మడి కట్టేముందు ఆ లెక్క ఎవరూ చెప్పరు.

తర్వాత సెంట్రింగు సామాను అద్దెకిచ్చే దుకాణం నుంచి స్టీలు ప్రాపులు, అంటే స్లాబుకి కింద నుంచి ఆనించే ఇనుప పోట్లు, ఓ పది తెప్పించండి. 14 అడుగుల వెడల్పుని మూడు భాగాలు చేసి, ఆ రెండు గీతల మీద 18 అడుగుల పొడవునా రెండు వరసలు. వరసలో నాలుగేసి అడుగులకొక ప్రాపు. పైన 9 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం పలకలు, కిందా అవే పలకలు. టైల్సు మీద ప్రాపు పాదం నేరుగా పెడితే టైలు పగిలి ప్రాపు దిగిపోతుంది. మీది గ్రౌండ్ ఫ్లోరు కాబట్టి కింద భూమే ఉంది. ఇదే పని పై అంతస్తులో చేసేవాళ్లు కింది అంతస్తులో కూడా అదే గీతలో ప్రాపులు పెట్టాలి, లేదంటే ఒక స్లాబు బరువు తీసి ఇంకో స్లాబు మీద పెట్టినట్టవుతుంది.

ప్రాపుని చేత్తో తిప్పి, పలక సీలింగుకి తగిలి బిగిసేవరకే ఆపండి. జాకీ పెట్టి స్లాబుని పైకి ఎత్తుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంచున్నర వంగిన కాంక్రీటు ఏళ్ల తరబడి నెమ్మదిగా ఆ ఆకారానికి వచ్చింది, తోస్తే తిరిగి వెళ్లదు. మధ్యలో పైకి తోస్తే స్లాబు పైభాగంలో లాగుడు పుడుతుంది, అక్కడ మీకు చువ్వలే లేవు. కొత్తగా పైన కూడా బీటలు వస్తాయి. కర్ర దూలాల మిద్దెను కొద్ది కొద్దిగా ఎత్తడం వేరు, ఆర్‌సీసీని ఎత్తడం వేరు.

ఇంకో మాట. రాత్రిపూట సీలింగులోంచి పటపట చప్పుడు రావడం, గోడలోనో సీలింగులోనో బీట రోజురోజుకీ వెడల్పవడం, సన్నగా సిమెంటు పొడి రాలుతూ ఉండటం, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకోవడం, వీటిలో ఏది కనిపించినా ప్రాపుల కోసం కూడా ఆగొద్దు. బయటికి వచ్చేయండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎందుకు కుంగింది?

ముందు అది నిజంగా కుంగిందా అన్నది తేలాలి. ఈ మాట వింటే చాలామందికి కోపం వస్తుంది, కళ్లముందు కనిపిస్తుంటే అదేం ప్రశ్న అని. కానీ సెంట్రింగు వేసినప్పుడే కింద ఆనించిన కర్ర బాదులు దిగి, అడుగు వంగి పోసిన స్లాబులు ఈ ఊళ్లో బోలెడున్నాయి. అది పుట్టుకతో వచ్చిన వంకర, జబ్బు కాదు. తేడా తెలుసుకోవడం తేలిక. సెంట్రింగు దిగినా మేస్త్రీ పైన బద్ద కొట్టి చదును చేస్తాడు కాబట్టి అలాంటి స్లాబు కింద వంగి, పైన చదునుగా ఉంటుంది, మధ్యలో మందం ఎక్కువ. నిజంగా కుంగిన స్లాబు కిందా పైనా ఒకేలా వంగుతుంది. మీ డాబా మధ్యలో నీళ్లు నిలుస్తున్నాయన్నారు, అవీ ఈమధ్యే మొదలయ్యాయన్నారు. కాబట్టి మీది నిజమైన కుంగుడే అనుకుని నడవడం మంచిది.

కొలత సరిగ్గా ఇలా తీయండి. 2 అంగుళాల చెక్క ముక్కలు రెండు సమానంగా కోసి, ఎదురెదురు గోడల దగ్గర సీలింగుకి ఆనించి, వాటి మీదుగా నైలాను దారం తీగలా లాగి కట్టండి. మధ్యలో దారానికీ సీలింగుకీ మధ్య దూరం అరంగుళమే ఉంటే, ఇంచున్నర దిగినట్టు. మూడు చోట్ల కొలిచి, ఆ చోట్ల సీలింగు మీద పెన్సిలుతో తేదీ, కొలత రాయండి. ఈ గీతలు చివరిదాకా పనికొస్తాయి, సున్నం వేయించి చెరిపేయకండి. కోడు ప్రకారం స్లాబు మొత్తం వంగుడు, అది దాటే రెండు గోడల మధ్య దూరంలో 250వ వంతు దాటకూడదు. మీ 14 అడుగులకి అది 17 మిల్లీమీటర్లు. మీది 38. రెట్టింపు దాటింది.

కారణాల్లో మొదటిది, పోసిన రోజే ఉంది. 14 అడుగుల గదికి నాలుగున్నర అంగుళాలంటే చాలీచాలని మందం. పడిపోయేంత తక్కువ కాదు, కానీ వంగడానికి సిద్ధంగా ఉండే మందం. గది వెడల్పు 10 నుంచి 14 అడుగులకు పెరిగితే వంగుడు పెరిగేది ఒకటిన్నర రెట్లు కాదు, దాదాపు నాలుగు రెట్లు. అదే మందం ఒక్క అంగుళం పెంచితే వంగుడు సగానికి దగ్గరగా తగ్గుతుంది. ఎనభైల్లో, తొంభైల్లో మల్కాజిగిరి, వనస్థలిపురం, కూకట్‌పల్లి కాలనీల్లో పది అడుగుల బెడ్‌రూమ్‌కీ పద్నాలుగు అడుగుల హాలుకీ ఒకే మందం, ఒకే చువ్వ వేసి పోసేవారు. అందుకే ఆ ఇళ్లలో కుంగితే హాలే కుంగుతుంది.

రెండోది సెంట్రింగు తొందరగా తీయడం. ఇది నా కళ్లతో చూసింది. చదువు అయిన కొత్తలో అల్వాల్‌లో ఒక ఇంటికి సైటు చూసేవాణ్ని. పోసిన ఐదో రోజు పొద్దున వెళ్లేసరికి హాలు కింద ఖాళీ. కాంట్రాక్టరుకి ఇంకో సైట్లో రేకులు అవసరమయ్యాయి, తెల్లవారుజామున విప్పించి ఆటోలో ఎక్కించేశాడు. పడిపోలేదు, ఒక్క బీట కూడా కనపడలేదు. నేను ఇంటాయనకి గట్టిగా చెప్పలేదు. రెండేళ్ల తర్వాత ఆయన పిలిచి చూపించాడు, హాలు మధ్యలో అంగుళం దిగి ఉంది. పచ్చి కాంక్రీటు మీద పడ్డ బరువును అది ఎప్పటికీ మర్చిపోదు. పదిహేను అడుగుల లోపు స్లాబుకి ప్రాపులు కనీసం 7 రోజులు, అంతకుమించితే 14 రోజులు ఉంచమని కోడు అంటుంది. హాలు స్లాబులకి నేను 14 రోజులకి తక్కువ ఎప్పుడూ ఒప్పుకోను.

మూడోది బరువు. 4 అంగుళాల గచ్చు నాలుగు టన్నులు పైన, ట్యాంకు ఇంకో టన్ను, కుండీలు. ఇల్లు కట్టిన రోజు ఎవరూ వీటిని లెక్కేయలేదు. కాంక్రీటుకి ఇంకో గుణం ఉంది. బరువు మారకపోయినా, అది అలాగే ఉండిపోతే చాలు, ఏళ్ల పాటు కొద్దికొద్దిగా వంగుతూనే ఉంటుంది. మొదట్లో దిగినదానికి రెండు మూడు రెట్లు కాలక్రమంలో దిగడం మామూలే. ఈ మూడు కారణాలే అయితే మీ ఇల్లు చూడ్డానికి బాగుండదు కానీ భయం తక్కువ.

భయపడాల్సింది నాలుగోదానికి, తుప్పుకి. మీ ఫ్యాను దగ్గర ఊడిన పెచ్చు నన్ను కలవరపెట్టింది అందుకే.

మంచి కాంక్రీటులో ఇనుము తుప్పు పట్టదు. సిమెంటు క్షారగుణం చువ్వ చుట్టూ కంటికి కనపడని కవచంలా పనిచేస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి పాకుతూ ఆ క్షారాన్ని చంపేస్తుంది. చువ్వ కింద ముప్పావు అంగుళం గట్టి కవరింగు ఉంటే దానికి దశాబ్దాలు పడుతుంది. మన పాత స్లాబుల్లో చువ్వల్ని సెంట్రింగు నుంచి ఎత్తి ఉంచే కవర్ బ్లాకులకి బదులు కంకర రాళ్లు పెట్టేవారు. తట్టలు మోసేవాళ్ల కాళ్ల కింద అవి జారిపోయి చువ్వ సెంట్రింగు మీదే పడుకునేది. పావు అంగుళం కవరింగుతో మిగిలిన చువ్వలు లెక్కలేనన్ని చూశాను. దానికి డాబా మీద నిలిచిన నీళ్లు తోడైతే తుప్పు మొదలు. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కింద పెచ్చు ఊడేది. కుంగడం వల్ల గుంట, గుంట వల్ల నీళ్లు, నీళ్ల వల్ల తుప్పు, తుప్పు వల్ల ఇంకా కుంగడం. మీ స్లాబు ఈ చక్రంలో పడిందని నా అనుమానం.

బీటల్ని చదవడం నేర్చుకోండి. సీలింగు మధ్యలో మొదలై నాలుగు మూలలకీ వాలుగా పోయే బీటలు బరువు వల్ల వచ్చినవి. రూళ్ల కాగితం గీతల్లా, ఆరంగుళాలకొకటి చొప్పున తిన్నగా పోయే బీటలు తుప్పువి, ఎందుకంటే అవి చువ్వల వెంబడే వస్తాయి. వాటి అంచుల్లో గోధుమరంగు మరక ఉంటే ఇక అనుమానమే లేదు. సున్నం గీసినట్టు చిన్న చిన్న సాలెగూడు బీటలు ప్లాస్టరువి, వాటిని వదిలేయండి.

తర్వాత సుత్తి. మా నాన్న మేస్త్రీ. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పరీక్ష ఇదే, ఇప్పటికీ ఏ మిషను తీసేముందైనా ఇదే చేస్తాను. చిన్న సుత్తితో సీలింగుని అడుగు అడుగుకీ మెల్లగా కొట్టండి. గట్టి చోట టంగుమంటుంది, చెయ్యి ఎదురు తంతుంది. డొల్ల చోట ఖాళీ డబ్బా మోత. డొల్ల ఉన్నంత మేరా సుద్దముక్కతో గీయండి. కళ్లకి అద్దాలు, తలకి హెల్మెట్ లేకుండా ఈ పని చేయొద్దు, పెద్ద పెచ్చు ఒక్కోసారి సుత్తి తాకీ తాకగానే వచ్చేస్తుంది. గీసిన భాగం సీలింగులో పదో వంతా, సగమా అన్నదాన్ని బట్టే మీ ఖర్చు ఉంటుంది.

కాచిగూడలో ఒక ఇంట్లో ఇలాగే ఫ్యాను దగ్గర అరచేతంత పెచ్చు ఊడిందని పిలిచారు. ఇంటివాళ్లు పుట్టీతో మూసి రంగు కూడా వేశారు. సుత్తితో కొడితే డొల్ల గోడదాకా పోయింది. ఉలితో తీస్తే చువ్వ బయటపడింది, పొరలు పొరలుగా, ఉల్లిపాయ పొట్టులా. వైరు బ్రష్షుతో రుద్ది మెరుపు వచ్చాక, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పెట్టి కొలిచాను. వేసింది 10 మిల్లీమీటర్ల చువ్వ. మిగిలింది 8. చూడ్డానికి రెండు మిల్లీమీటర్లే తగ్గింది, కానీ బలం ఉండేది అడ్డుకోతలో కదా. 10లో 78 చదరపు మిల్లీమీటర్లు, 8లో 50. మూడో వంతుకి పైనే పోయింది. ఆ ఇంటాయన చాలాసేపు ఆ చువ్వనే చూస్తూ నిలబడ్డాడు, తర్వాత లోపలికి వెళ్లి ఉయ్యాల కొక్కేనికి కట్టిన మనవరాలి తొట్టె విప్పించాడు. మీ ఇంట్లో కూడా నాకు ఆ కొలత కావాలి. ఫ్యాను దగ్గర, గోడకి దగ్గర, మధ్యలో, మూడు చోట్ల.

ఆ తర్వాత ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. కాంట్రాక్టరుని కాదు. రిపేరు చేసి డబ్బు తీసుకునే మనిషీ రోగం చెప్పే మనిషీ వేరుగా ఉండాలి. జేఎన్‌టీయూ, ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలు కన్సల్టెన్సీ కింద ఇలాంటివి చూస్తాయి, ప్రైవేటు టెస్టింగ్ ల్యాబులూ ఉన్నాయి. స్ప్రింగు సుత్తిలా ఉండే రీబౌండ్ హామర్ ఒక్కటే కొట్టి రిపోర్టు ఇస్తే సరిపోదు, అది పై చర్మం గట్టితనం మాత్రమే చెప్తుంది. ధ్వని తరంగాలతో కాంక్రీటు లోపలి గట్టితనం చూసే అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ, చువ్వ ఎంత లోతులో ఉందో చెప్పే కవర్ మీటరు, తుప్పు నడుస్తోందో లేదో చెప్పే హాఫ్ సెల్ పరీక్ష, కనీసం రెండు మూడు కోర్లు, అంటే స్లాబులోంచి గుండ్రంగా కోసి తీసే కాంక్రీటు ముక్కలు, అడగండి. ఫినాఫ్తలీన్ పరీక్ష చవకైంది, మీ కళ్లముందే తేలిపోతుంది. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద చల్లితే క్షారం బతికి ఉన్నచోట ముదురు గులాబీ రంగు వస్తుంది, చచ్చిపోయిన చోట రంగు రాదు. రంగు రాని మందం చువ్వని దాటిపోయి ఉంటే పైపైన అతుకు వేస్తే నిలవదు. ఒక హెచ్చరిక. లీకేజీ కనిపెట్టడానికి డాబా మీద నాలుగంగుళాలు నీళ్లు నిలబెడతామని ఎవరైనా అంటే వద్దనండి. అది చదరపు మీటరుకు 100 కిలోలు. ఆరోగ్యంగా ఉన్న స్లాబుకి చేసే పరీక్ష అది.

రిపేరు ఎలా ఉండాలో చెప్తాను, మీరు పక్కన నిలబడి అడగగలిగేలా.

పైన గచ్చు మొత్తం తీయించాలి, ప్రాపులు ఉండగానే, చిన్న ఉలి సుత్తులతో. బ్రేకర్ మిషను పెట్టనివ్వకండి. తీసిన రబ్బిషుని డాబా మధ్యలో కుప్ప పోయకుండా ఎప్పటికప్పుడు దింపించాలి. దాంతోనే నాలుగు టన్నులు తగ్గుతాయి.

కింద సుద్దతో గీసిన డొల్ల భాగాన్ని ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తీయాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. చువ్వ కనపడగానే ఆపేస్తారు. చువ్వ వెనక, అంటే పైవైపు కూడా, ఓ అంగుళం దాకా కాంక్రీటు తీయాలి, చువ్వ చుట్టూ వేలు తిరగాలి. లేకపోతే చువ్వ కిందిభాగం కొత్త మాలులో, పైభాగం చచ్చిన పాత కాంక్రీటులో ఉండి, ఆ తేడాకే తుప్పు ఇంకా తొందరగా నడుస్తుంది. అతుకు వేసిన చోటు పక్కనే రెండేళ్లలో మళ్లీ ఊడేది ఇందుకే. అతుకు అంచుల్ని పలచగా వదలకుండా కట్టరుతో తిన్నగా, అర అంగుళం లోతుకి కోయించండి.

తుప్పంతా వైరు బ్రష్షుతో, వీలైతే ఇసుక బ్లాస్టింగుతో, ఇనుము మెరిసేదాకా పోవాలి. తుప్పు మీద పూసే రసాయనం వేసి వదిలేస్తామంటే ఒప్పుకోవద్దు, రుద్దకుండా ఏదీ నిలవదు. అడ్డుకోత ఐదో వంతుకి మించి పోయిన చువ్వల పక్కన కొత్త చువ్వ వేయాలి. అది గాల్లో వేలాడకూడదు. రెండు చివర్లా మంచి పాత చువ్వతో సరిపడా పొడవు కలవాలి, లేదా గోడ మీది స్లాబులోకి డ్రిల్లు చేసి, చువ్వని కన్నంలో అతికించే జిగురుతో (కెమికల్ యాంకరు) దిగాలి. తర్వాత చువ్వకి జింకు ప్రైమరు, ఆరాక పాత కాంక్రీటుకి కొత్త మాలు అతుక్కునేలా బాండింగు కోటు. అది జిగటగా ఉండగానే పాలిమర్ మాలు అరంగుళం చొప్పున పొరలుగా వేయాలి. రెండంగుళాలు దాటి పోయినచోట చేత్తో కొట్టకుండా, కింద పలక కట్టి, సన్న కంకరతో జారుగా ఉండే మైక్రో కాంక్రీటు పోయడం మేలు. బస్తా మీద రాసిన నీళ్ల కొలతే వాడాలి, బోరు నీళ్లు కాకుండా మంచినీళ్లు. మామూలు సిమెంటు ఇసుక మాలులో తెల్ల జిగురు ద్రవం కొంచెం కలిపి పాలిమర్ అని చెప్పేవాళ్లున్నారు. బస్తాలు మీ ముందే విప్పించండి, ఖాళీ సంచులు లెక్కపెట్టుకోండి. కొటేషను కూడా ఇంత మొత్తం అని కాకుండా, చదరపు అడుగుకి, ఇంత లోతుకి అని రాయించుకోండి.

ఇదంతా తుప్పుకి మందు. వంగిన నడుము సంగతి ఇంకా ఉంది. దానికి మీ ఇంటికి నేను గడ్డర్లే చెప్తాను. 18 అడుగుల పొడవుని మూడు చేసి, ఆ రెండు చోట్ల 14 అడుగుల వెడల్పుకి అడ్డంగా రెండు ఐ-సెక్షన్లు, అంటే ఇంగ్లీషు I ఆకారంలో ఉండే ఇనుప గడ్డర్లు. గచ్చు తీసేసి, తేలికైన వాటర్ ప్రూఫింగు వేసినా, రేపు ఎవరో ఏదో పెడతారన్న జాగ్రత్త కలిపి నేను వేసుకున్న లెక్కలో 150 మిల్లీమీటర్ల లోతు సెక్షను చాలదు, 200 కావాలి. మీటరుకి 25 కిలోల దాకా తూగుతుంది. రాణీగంజ్‌లో దొరుకుతాయి, బిల్లు మీద సైజు, బరువు రాయించుకుని తూకం చూసుకోండి. కొనేముందు మీ ఇంజనీరుతో ఈ లెక్క మళ్లీ వేయించండి, నేను ఇల్లు చూడలేదు. గడ్డరు ఒక్కో కొనా రెండున్నర టన్నులు దాటి గోడలోకి దింపుతుంది. కాబట్టి కొన కింద ఇటుక మీద నేరుగా కాకుండా కాంక్రీటు బెడ్ బ్లాకు పోసి, ఇనుప ప్లేటు పెట్టి కూర్చోబెట్టాలి. ఆ చోటికి కింద కిటికీయో గుమ్మమో ఉంటే దాని పైనున్న అడ్డ దూలం, లింటెలు, కూడా చూడాలి. గడ్డరుకీ వంకర స్లాబుకీ మధ్య సందు చెక్కముక్కలతో కాకుండా, కుంచించుకోని గ్రౌటుతో నిండుగా నింపాలి. హాల్లో 8 అంగుళాల ఎత్తు తగ్గుతుంది. అమ్మగారికి అది నచ్చదు. అందం కోసం తర్వాత కప్పుకోవచ్చు, కానీ కొనల దగ్గర మాత్రం విప్పి చూసే వీలు ఉంచండి.

కార్బన్ ఫైబర్ పట్టీలు అతికిస్తామని కూడా మీకు చెప్తారు. మంచి పద్ధతే, గట్టి కాంక్రీటు మీద. మీ స్లాబు అడుగు సగం డొల్ల అని తేలితే అది గోడ కూలుతుంటే వాల్‌పేపర్ అతికించినట్టే. అది తుప్పుని ఆపదు, వంగుడుని వెనక్కి తేదు.

పైన లెవెల్ చేయకుండా నీళ్లు ఎలా పోతాయని మీరు అడుగుతారు. గచ్చు తీసేశాక వాలు ఏర్పాటుకి స్క్రీడు అనే తేలిక రకం పలచటి పొర ఉంది, ఇటుక ముక్కల గచ్చులో సగం బరువు కూడా ఉండదు. అది కూడా అవసరమైనంత పలచగానే. లేదా అసలు ఆ గుంటకి నీళ్లే రాకుండా, గోడల మీద నిలబెట్టిన పోస్టులతో రేకుల షెడ్డు వేసుకోండి. పోస్టు ఒక్కటి కూడా స్లాబు మధ్యలో దిగకూడదు. గాలివానకి లేవకుండా బోల్టులు గోడలోకి పోవాలి. గుంట మధ్యలో కన్నం వేసి పైపు దింపుదామన్న ఆలోచన మాత్రం మానుకోండి, అక్కడే మీ ముఖ్యమైన చువ్వలు ఉన్నాయి.

మీ ప్రశ్న కింద పాతబస్తీ నుంచి ఒకరు తమ ఇంటి గురించి కూడా అడిగారు, గడ్డర్ల మీద షాబాదు బండలు పరిచి పైన డంగు సున్నం వేసిన మిద్దె. వారికి ఇది చాలావరకు వర్తించదు. అక్కడ చూడాల్సింది గడ్డరు కింది రెక్క మందం, గోడలోకి దిగే కొనల తుప్పు. కర్ర దూలాలైతే గోడలో దాక్కున్న కొనల్లో చెద, పుచ్చు. స్క్రూడ్రైవరు గుచ్చితే దిగిందంటే దూలం పోయినట్టే. పైన ఉన్న సున్నం మీద సిమెంటు గచ్చు వేయొద్దు. బరువు పెరుగుతుంది, లోపలి చెమ్మ బయటికి పోదు, దూలం ఇంకా పుచ్చుతుంది. సున్నానికి సున్నమే వేయాలి.

మీ స్లాబులో సగానికి పైగా చువ్వలు మూడో వంతు పోయాయని, కోర్లు కూడా చేతిలో పొడిపొడి అవుతున్నాయని తేలితే రిపేరు మీద డబ్బు పెట్టొద్దు. గోడలు బాగుంటే ఆ ఒక్క హాలు స్లాబు తీసి, ఐదున్నర అంగుళాలు డిజైను చేయించి కొత్తది పోసుకోవడమే చివరికి చవక. ఆ మాట అమ్మానాన్నలకి చెప్పడం కష్టమని తెలుసు. నా అనుభవంలో ఆ చువ్వ చూపిస్తే చాలు, వాళ్లే అర్థం చేసుకుంటారు.

రిపేరే చేస్తే, చివరి మాలు వేసిన 14 రోజుల తర్వాత, గ్రౌటు గట్టిపడ్డాక, ప్రాపులు మధ్య నుంచి మొదలుపెట్టి గోడల వైపు ఒక్కో మెలిక చొప్పున వదలండి. ఒకేసారి తన్నేయొద్దు. బరువు గడ్డర్ల మీదికి ఎక్కేటప్పుడు వాటి పైన డాబా మీద జుట్టంత బీట రావచ్చు. అందుకే వాటర్ ప్రూఫింగు ప్రాపులు తీశాకే వేయించాలి, ముందు వేస్తే అది అక్కడే చిరుగుతుంది. ప్రాపులు తీసిన రోజు, వారం తర్వాత, మొదటి పెద్ద వాన వెలిశాక, పెన్సిలు గీతల దగ్గర మళ్లీ దారం కట్టి కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు మారితే పర్వాలేదు. అంతకంటే దిగితే ప్రాపులు తిరిగి పెట్టించి, ఆ కొలతలు, వెర్నియర్ కొలతలు నాకు రాయండి.